మత్రా సూక్‌లో మరియా తెరేసా వెండి నాణెం: కొనే ముందు ఎలా పరీక్షించాలి

మస్కట్‌లో ఉద్యోగం చేసే మనవాళ్లు సెలవు మీద ఇంటికి బయల్దేరే ముందు మత్రా సూక్ అనే పాత బజారుకి ఒక రౌండ్ వేయడం మామూలే. ఖర్జూరం, అత్తరు, సాంబ్రాణి కొనడం అయ్యాక లోపలి సందుల్లో పాత వెండి అమ్మే కొట్ల దగ్గర కాళ్లు వాటంతటవే ఆగుతాయి. గాజు పెట్టెలో నల్లబడ్డ కడియాలు, ఖంజర్ కత్తులు, వాటి మధ్య అరచేతిలో సగం ఆక్రమించే పెద్ద వెండి నాణెం. దాని మీద ముసుగేసుకున్న నిండైన ఆడమనిషి బొమ్మ. "కిత్నా పురానా హై భాయ్?" అని అడిగితే కొట్టతను ఏమీ మాట్లాడకుండా నాణెం తిప్పి అంకెలు చూపిస్తాడు: 1780.

నేను అక్కడే పడిపోయాను. వెండి ధరకు మూడింతలు పోసి కొన్నాను. ఇంటికెళ్లి మా ఆవిడకు చూపించి, అమెరికాకు స్వాతంత్ర్యం పూర్తిగా రాకముందు నాటిదని గొప్పలు పోయాను. ఏడాది తర్వాత గానీ అసలు విషయం తెలియలేదు. కొట్టతను అబద్ధమాడలేదు. నాణెం అసలుదే, వెండీ అసలుదే, 1780 అని ఉన్న మాటా నిజమే. కానీ ఆ నాణెం ఎప్పుడు తయారైందో ఆ అంకె చెప్పదు. నాది బహుశా నాకంటే చిన్నది.

అందుకే ఈ నాణెం కొనాలనుకునేవాళ్లు ఏ వరుసలో ఏం చూసుకోవాలో రాస్తున్నాను. మస్కట్ అనే కాదు, నిజ్వా సూక్‌లోనైనా, హైదరాబాద్‌లో పాత నాణేలు అమ్మేవాళ్ల దగ్గరైనా పద్ధతి ఇదే.

ముందు ఆ 1780 సంగతి తేల్చుకోండి

మరియా తెరేసా ఆస్ట్రియాను ఏలిన రాణి. 1717లో పుట్టి 1780 నవంబరులో చనిపోయింది. ఆమె బొమ్మతో కొట్టిన వెండి థాలర్ (ఈ పెద్ద నాణెం పేరే థాలర్) ఆమె బతికుండగానే ఎర్ర సముద్రం రేవులకు చేరింది. యెమెన్‌లో మోఖా కాఫీ కొనాలంటే అక్కడివాళ్లు వెండే అడిగేవారు. యూరప్ సరుకు వాళ్లకు అక్కర్లేదు. అలా జెడ్డా, మోఖా, మస్సావా, మస్కట్ రేవుల్లో ఈ నాణెం అలవాటైపోయింది. రాణి చనిపోయాక కొత్త రాజు బొమ్మతో నాణెం ఇస్తే ఆ జనం పుచ్చుకోలేదు. మాకు పాత ఆవిడే కావాలన్నారు. చేసేది లేక ఆస్ట్రియా టంకశాలలు 1780 అనే ఏడాదిని అలాగే ఉంచేసి, అదే అచ్చును కొడుతూ పోయాయి. వియన్నా టంకశాల ఈ రోజుకీ కొడుతోంది. ఇప్పటిదాకా 30 కోట్లకు పైగా తయారయ్యాయి.

వియన్నా ఒక్కటే కాదు, మిలన్, వెనిస్ టంకశాలలూ కొట్టాయి. 1935లో ఇథియోపియా మీద దండెత్తే ముందు ముస్సోలినీ ఈ అచ్చులను 25 ఏళ్లకు రోమ్‌కు రాయించుకున్నాడు. అక్కడి జనం చేత సరుకు అమ్మించుకోవాలంటే ఈ నాణెం ఉండాలి మరి. దానికి పోటీగా లండన్, పారిస్, బ్రస్సెల్స్ తమ అచ్చులు తామే చేసుకుని కొట్టడం మొదలుపెట్టాయి. రెండో ప్రపంచ యుద్ధంలో, 1940–41లో, మన బొంబాయి టంకశాల కూడా 1 కోటి 80 లక్షలకు పైగా కొట్టింది. అంటే మస్కట్‌లో మీకు "ఆస్ట్రియా నాణెం" అని చూపించేది బొంబాయి ఫోర్ట్‌లో పుట్టినదై ఉండవచ్చు.

కాబట్టి "ఇది పాతదేనా?" అన్న ప్రశ్న పక్కన పెట్టండి. కొట్లో నిలబడి తేల్చగలిగిన ప్రశ్న ఒక్కటే: "ఇది సరైన వెండేనా?" ఏ టంకశాలదో, ఏ దశాబ్దానిదో తేల్చాలంటే ముత్యాల ఆకారం, డేగ ఈకలు, అంచు మీద లతల తేడాలు చదివిన నిపుణులే కావాలి. వాళ్లూ ఒక్కోసారి వాదించుకుంటారు.

వెంట తీసుకెళ్లాల్సినవి

0.01 గ్రాము దాకా చూపించే చిన్న డిజిటల్ కాటా, ఒక భూతద్దం, ఒక గట్టి మాగ్నెట్. మూడూ కలిపినా జేబులో పడతాయి. కాటా సరిగ్గా ఉందో లేదో బయల్దేరే ముందు చూసుకోండి. మన 10 రూపాయల నాణేలు నాలుగు కలిపి తూచితే 31 గ్రాములకు కాస్త తక్కువ చూపించాలి. థాలర్ బరువు కూడా ఆ దరిదాపుల్లోనే ఉంటుంది కాబట్టి ఆ నాలుగు నాణేలే తూకంరాళ్లుగా పనికొస్తాయి.

కొట్లో కాటా తీస్తే ఏమనుకుంటారో అని మొహమాటపడకండి. పాత వెండి కొట్లో బేరమంతా తూకం మీదే. తూచనివ్వను అన్నాడంటే, నవ్వి నమస్కారం పెట్టి పక్క కొట్టుకు వెళ్లిపోండి.

మొదట తూకం

సరైన థాలర్ 28.07 గ్రాములు. అందులో వెండి నూటికి 83.3 వంతులు, మిగతాది రాగి. అంటే అసలు వెండి 23.39 గ్రాములు. మన షాపుల భాషలో చెప్పాలంటే 83 టచ్. బ్రిటిష్ కాలపు వెండి రూపాయి 11.66 గ్రాములు, దాని వెండి నూటికి 91.7 వంతులు. ఈ రెంటినీ లెక్కగడితే ఒక థాలర్‌లో సరిగ్గా 2 రూపాయల 3 అణాల వెండి ఉంది. ఈ లెక్క చేతనైన షరాబులు ఒకప్పుడు రేవుల్లో రూపాయినీ థాలర్‌నీ పక్కపక్కన పెట్టుకుని మార్చేవారు. ఒమన్‌లో చాలాకాలం తీరం వెంబడి మన రూపాయి, లోపలి ఊళ్లలో ఈ థాలర్ చెల్లేవి. ఇప్పటికీ ఒమన్‌లో చిల్లరను బైసా అంటున్నారంటే అది మన పైసాయే.

చేతులు మారి అరిగిన నాణెం కాస్త తగ్గుతుంది. 27.6 నుంచి 28.1 దాకా ఉంటే నేను అభ్యంతరపెట్టను. 27 కంటే తగ్గితే అరుగుదల కంటికి కొట్టొచ్చినట్టు కనిపించాలి. బొమ్మ స్ఫుటంగా ఉండి బరువు మాత్రం 26 ఉందంటే అది నకిలీయే, ఇక బేరం అక్కర్లేదు. బరువు ఎక్కువున్నా అనుమానించాల్సిందే. 29 దాటితే కొలతలు చూడండి. అడ్డంగా సుమారు 40 మిల్లీమీటర్లు ఉండాలి.

లాకెట్‌గా చేసినదైతే తూకం ఇంత సూటిగా తేలదు. పైన కొక్కెం, వెనక మాటు వేసిన పట్టీ బరువు అందులో కలిసిపోతాయి. ఒమనీ పాత నగల్లో ఈ నాణెం మధ్యలో పెట్టి పగడాలు, వెండి గుళ్లు గుచ్చిన దండలు ఎక్కువ. అలాంటప్పుడు తూకాన్ని నమ్మకండి, కింద చెప్పే అంచు పరీక్షనే నమ్మండి.

అంచు తిప్పి చూడండి

నకిలీ చేసేవాళ్లు బొమ్మా బొరుసుల మీద పెట్టే శ్రద్ధ అంచు మీద పెట్టరు. నా అనుభవంలో నకిలీలు ఎక్కువగా పట్టుబడేది ఇక్కడే. అసలు నాణెం అంచు నున్నగా ఉండదు, మన పాత వెండి రూపాయిలాగా గీతలూ ఉండవు. చుట్టూ లాటిన్‌లో "యుస్తీసియా ఎత్ క్లెమెంతియా" అని ఉబ్బెత్తు అక్షరాలు, మాటల మధ్య చిన్న లతలు ఉంటాయి. న్యాయం, దయ అని అర్థం. అది రాణిగారి నినాదం. ఈ రాతకు ఒక ఉపయోగం కూడా ఉంది. వెండి నాణేల అంచులు కొద్దికొద్దిగా అరగదీసి ఆ పొడి దాచుకునే మోసం ఆ రోజుల్లో ఎక్కువ. అంచు మీద రాత ఉంటే ఎవరైనా ఆకురాయి పెడితే వెంటనే తెలిసిపోతుంది.

భూతద్దంతో మొత్తం చుట్టూ తిప్పండి. అక్షరాలు మసకగా, కరిగిన మైనంలా ఉంటే అది పోత పోసిన నకిలీ. అంచు పొడవునా, దాన్ని మధ్యకు చీలుస్తున్నట్టు సన్నని గీత కనిపిస్తే రెండు సగాలు పోసి అతికారన్న మాట. అసలు నాణెం అచ్చు కొట్టినది, పోత పోసినది కాదు. ఉపరితలం మీద గుండుసూది మొనలాంటి గుంతలు గుంపులుగా ఉన్నా అది పోత పోసినదే.

బొమ్మ, బొరుసు

బొమ్మ వైపు రాణి కుడివైపు చూస్తుంటుంది. తల మీద ముసుగు ఉంటుంది. భర్త 1765లో పోయాడు, ఆ తర్వాతి నాణేల మీద విధవ ముసుగుతోనే చూపించారు. బొమ్మ కింద చిన్నగా ఎస్., ఎఫ్. అని రెండు అక్షరాలు ఉండాలి. గుంట్స్‌బుర్గ్ టంకశాల అధికారులు షోబ్ల్, ఫాబీల పొడి అక్షరాలవి. ఆ ఇద్దరూ పోయి ఎన్నో ఏళ్లు దాటినా, ఆ టంకశాలే మూతపడినా వాళ్ల పొడి అక్షరాలు మాత్రం బొంబాయిలో కూడా కొట్టారు.

తల మీది కిరీటంలోనూ భుజం దగ్గరి బ్రూచ్‌లోనూ ముత్యాలుంటాయి. వాటిని జాగ్రత్తగా చూడండి, ఒక్కొక్కటీ విడివిడిగా కనిపించాలి. అరేబియాలోనూ ఇథియోపియాలోనూ చదువురాని రైతు కూడా చేసిన పరీక్ష ఇదే. వేలితో తడిమి ముత్యాలు లెక్కపెట్టుకునేవాడు. ముత్యాలు అరిగిపోయిన నాణేన్ని, వెండి సరిగ్గా ఉన్నా సరే, తీసుకునేవాడు కాదు. నకిలీల్లో ఈ ముత్యాలు ఒకదానికొకటి అంటుకుపోయి గీతలా తయారవుతాయి.

బొరుసు వైపు రెండు తలల డేగ, దాని గుండె మీద డాలు. చుట్టూ ఉన్న రాత చివర 1780, దాని పక్కన ఒరిగిన చిన్న ఇంటూ గుర్తు ఉండాలి. ఆ గుర్తు లేకపోతే ఆలోచించండి. ఏడాది 1780 కాకుండా 1765, 1773 లాంటిదైతే రెండే అవకాశాలు. ఒకటి, ఆమె బతికున్నప్పుడు కొట్టిన నాణెం. అది నిజంగానే పాతది, ఎక్కువ విలువ గలది. రెండు, నకిలీ. అక్కడికక్కడే డబ్బు చేతిలో పెట్టకుండా ఫోటోలు తీసుకుని తెలిసినవాళ్లను అడగండి.

కొన్ని నాణేల మీద అరబ్బీ ముద్ర అదనంగా కొట్టి ఉంటుంది. "హిజాజ్ ముద్ర సాబ్, బహుత్ రేర్" అంటాడు కొట్టతను. హిజాజ్ అంటే మక్కా, జెడ్డాలున్న ప్రాంతం. అసలు నాణెం మీద కొత్త ముద్ర కొట్టడానికి ఒక ఉలి, ఒక సుత్తి చాలు. ముద్ర కోసం ఒక్క బైసా కూడా ఎక్కువ ఇవ్వకండి.

మాగ్నెట్, మోత

మాగ్నెట్ అంటుకుంటే ఇనుము ఉన్నట్టే, వదిలేయండి. అంటుకోకపోతే మాత్రం ఏమీ తేలనట్టే, ఎందుకంటే రాగి, ఇత్తడి, సీసం కూడా అంటుకోవు.

వేలి కొన మీద నాణేన్ని బ్యాలెన్స్ చేసి పెన్నుతో మెల్లగా తట్టితే వెండి సన్నగా, గుడి గంట ఆఖరి మోతలా సాగుతుంది. సీసం కలిస్తే టక్ మని ఆగిపోతుంది. సూక్ గోలలో ఇది వినిపించదు, మాటు వేసిన లాకెట్ ఎలాగూ మోగదు. అయినా సరదాగా ఉంటుంది, చేసి చూడండి.

ఇంటికొచ్చాక నీళ్ల పరీక్ష

అన్నిటికన్నా నమ్మకమైనది ఇదే. గీటురాయి మీద గీటు పెట్టక్కర్లేదు, ఆమ్లం చుక్క వేయక్కర్లేదు, నాణేనికి చిన్న గీత కూడా పడదు. ఒక్క నాణెం కొని, ఇంట్లో ఇది చేసి చూశాకే అదే కొట్టులో రెండోది కొనండి.

పేపర్ కప్పులో ముప్పావు వంతు నీళ్లు పోసి కాటా మీద పెట్టండి. గాజు గ్లాసు వద్దు, చిన్న కాటాలు అంత బరువు ఆపవు. ఇప్పుడు టేర్ బటన్ నొక్కి సున్నాకు తెచ్చుకోండి. నాణేనికి సన్నని దారం కట్టి, దారం చేత్తో పట్టుకుని, నాణేన్ని నీళ్లలో పూర్తిగా ముంచండి. అడుక్కీ అంచులకీ తగలకూడదు, వేలాడుతూ ఉండాలి. అక్షరాల సందుల్లో గాలి బుడగలు ఇరుక్కుంటాయి, ఒకసారి మెల్లగా కదిపితే పోతాయి. కాటా మీద వచ్చిన అంకె రాసుకోండి. అది నాణెం పక్కకు తోసిన నీళ్ల బరువు.

విడిగా తూచిన బరువును ఈ అంకెతో భాగించండి. సరైన థాలర్‌కు నీళ్లలో అంకె సుమారు 2.75 వస్తుంది. 28.07ని 2.75తో భాగిస్తే 10.2. వెండి సాంద్రత 10.49, రాగిది 8.96, ఈ రెండూ థాలర్ పాళ్లలో కలిస్తే వచ్చే లెక్క అది. మీకు 10.0 నుంచి 10.3 మధ్య వస్తే హాయిగా నిద్రపోండి. చెయ్యి వణకడం, బుడగలు అన్నీ అందులో పడిపోతాయి. 8.9 దగ్గర వస్తే అది వెండి పూసిన రాగి లేదా రాగి-నికెల్. 11 దాటితే సీసం.

మా బావమరిది సలాలాలో కొన్న లాకెట్‌కి ఈ పరీక్ష చేస్తే 8.7 వచ్చింది. కొక్కెం వల్ల తేడా వచ్చిందేమో అని వాడు నాలుగుసార్లు చేయించాడు. నాలుగుసార్లూ 8.7. మా చెల్లి మాత్రం ఇప్పటికీ దాన్ని పెళ్లిళ్లకు వేసుకెళ్తుంది, బాగుంటుంది కూడా.

మన ఊళ్లో నగల షాపులో మెషీన్ మీద టచ్ చూపించుకోవచ్చు. కాకపోతే ఆ మెషీన్ చూసేది పై పొరను మాత్రమే. వెండి పూత దట్టంగా ఉంటే అది మోసపోతుంది. నీళ్లు మోసపోవు. మరో మాట, నాణెం చేతికివ్వగానే "కరిగించి పట్టీలు చేయిద్దామా?" అని కంసాలి అడుగుతాడు. ఒమన్‌లో కూడా జరిగింది అదే. థాలర్లు కరిగించి పోసిన వెండితోనే అక్కడి పాత కడియాలు, ఖంజర్ ఒరలు తయారయ్యాయి.

ఎంత ఇవ్వొచ్చు

ఆ రోజు గ్రాము వెండి ధరను 23.4తో గుణించండి. లెక్కకు వీలుగా గ్రాము 100 రూపాయలు అనుకుంటే 2,340 అవుతుంది. దాని మీద పదిహేను, ఇరవై శాతం దాకా ఎక్కువ ఇస్తే అది కొట్టతని కష్టానికి సరిపోతుంది. అంతకు మించి అడిగితే దేనికి అడుగుతున్నాడో చెప్పించండి. "పాతది" అంటే సమాధానం మీకు తెలుసు. పాత దండలో కూర్చిన నాణెమైతే మాత్రం పనితనానికి విడిగా విలువ కట్టాలి. అది నాణేల లెక్క కాదు, నగల లెక్క.

మచిలీపట్నం నుంచి మోఖాకు ఓడలు వెళ్లేవి కదా, మన కలంకారీ బట్టలకు వచ్చిన వెండి ఇదేనా అని ఒకాయన నన్ను అడిగారు. కాదు. ఆ వ్యాపారం ఊపు మీదున్న 17వ శతాబ్దంలో ఈ థాలర్ ఇంకా పుట్టలేదు. అప్పుడు ఆ సముద్రంలో తిరిగిన పెద్ద వెండి స్పెయిన్‌వాళ్ల రియాల్. ఒమన్, యెమెన్ డబ్బులకు రియాల్ అన్న పేరు అక్కడినుంచే వచ్చింది. మనకున్న అసలు చుట్టరికం యెమెన్‌లోని హద్రమౌత్ వైపు నుంచి. నిజాం కొలువులో సిపాయిలుగా చేరిన అరబ్బులు అక్కడివాళ్లే. వాళ్ల సొంత ఊళ్లలో మన రూపాయి, ఈ థాలర్ రెండూ చెల్లేవి. హైదరాబాద్ బార్కాస్‌లో ఎవరింట్లోనైనా ముత్తాత పెట్టెలో ఈ నాణెం కనిపిస్తే, దాన్ని తూచే ముందు ఆ కథ అడిగి రాసుకోండి. ఆ కథ ఉన్న నాణేనికి నా ఇరవై శాతం లెక్క పనికిరాదు.

తోమకండి, దాచండి

పండక్కి వెండి సామాను తోమినట్టు చింతపండు, విబూది, పళ్లపొడి పెట్టి దీన్ని తోమకండి. ఆ నలుపు మురికి కాదు, ఏళ్ల తరబడి పట్టిన పొర. తోమితే ముత్యాల మీద సన్నని గీతలు పడతాయి, మళ్లీ అమ్మాలంటే ధర పడిపోతుంది. నూనె జిడ్డు ఉంటే గోరువెచ్చని నీళ్లలో కడిగి మెత్తని బట్టతో అద్దండి, రుద్దకండి. రబ్బరు బ్యాండ్ చుట్టకండి, అందులోని గంధకానికి వెండి నల్లటి చారలు కడుతుంది. మెత్తని ప్లాస్టిక్ కవర్లు కూడా ఏళ్లు గడిస్తే జిగురు వదులుతాయి. గంధకం, ఆమ్లం లేని కాగితం కవరు మంచిది.

ఒకటో రెండో అయితే ఫర్వాలేదులే అని బ్యాగులో అడుగున తోసేయకండి. విమానాశ్రయంలో వెండి నాణేన్ని నగగా లెక్కించరు. రూల్స్ మారుతుంటాయి కాబట్టి టికెట్ కొన్నప్పుడే కస్టమ్స్ వెబ్‌సైట్ ఒకసారి చూసుకోండి, అనుమానం ఉంటే రెడ్ ఛానల్‌లో చూపించండి. కొట్టతని దగ్గర బిల్లు అడిగి, అందులో బరువు రాయించుకోండి. ఆ బిల్లు, మీరు ఇంట్లో రాసుకున్న నీళ్ల లెక్క రెండూ మడిచి అదే కాగితం కవర్లో పెట్టండి. నా మొదటి నాణెం కవర్లో కూడా ఆ రెండు కాగితాలు ఉన్నాయి. బిల్లు మీద కొట్టతని చేతిరాతలో "1780 పురానా" అని ఉంది.